వాగు పాలైన ఔషధము

నీరు చెడినదని మనము సాధారణముగా కంటితోను ముక్కుతోను తెలిసికొందుము. నురుగు గట్టి పారు కాలువను, నల్లబడిన చెరువును, తెల్లవారుసరికి వెల్లకిల తేలిన చేపలను చూచినపుడు, ఏ శాస్త్రజ్ఞుడును వచ్చి చెప్పనక్కరలేకయే ఊరివారందరు మండిపడుదురు. పంచాయతి తీర్మానము చేయును. పత్రికలో ఛాయాచిత్రము పడును. కాని నీటి రంగును గాని వాసనను గాని మార్చక, త్రాగిన పశువును వెంటనే పడవేయక, ఆ నీటియందలి సూక్ష్మజీవుల స్వభావమునే లోలోపల మార్చివేయునట్టి కాలుష్యమొకటి కలదు. దాని ఉనికిని లోకమునకు అంకెలతో సహా స్పష్టముగా చాటిచెప్పిన తావులలో మొదట లెక్కింపదగినది మన తెలుగునేలమీదనే, హైదరాబాదునకు వాయవ్యమున, పటాన్‌చెరు అను పేర నున్నదను సంగతి మనలో కొలదిమందికే తెలియును. తెలిసినవారును దానిని ఏనాటిదో ముగిసిన కథగా భావించుచున్నారు. అది ముగియలేదని, ముగియుటకు చేయవలసిన మొదటిపని ఇంకను చేయబడలేదని చెప్పుటకే నేనీ వ్యాసమును వ్రాయుచున్నాను.

పటాన్‌చెరు పేరు వినగానే దేశదేశముల వ్యవసాయశాస్త్రజ్ఞులకు 1972లో అచట వెలసిన ఇక్రిశాట్ పరిశోధనాసంస్థ స్ఫురించును. జొన్న, సజ్జ, కంది, శనగ మున్నగు మెట్టపైరులకు మేలైన వంగడములను అందించిన కీర్తి దానిది. ఆ దశకమునుండియే, వెనుకబడిన మెదకు జిల్లావారికి ఉపాధి కల్పింపవలెనను సదుద్దేశముతో, పటాన్‌చెరు, బొల్లారము, కాజీపల్లి, గడ్డపోతారము ప్రాంతములయందు పారిశ్రామికవాడలు క్రమముగా విస్తరించినవి. వానిలో పెక్కు బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలు. అనగా మాత్రకు ప్రాణమైన మూలద్రవ్యమును రసాయనచర్యలచే తయారుచేసి, మాత్రలు కట్టు కంపెనీలకు అమ్మునవి. ఇట్టి ద్రవ్యము ఒక కిలో చేతికి వచ్చులోపల దానికి పెక్కురెట్లు ద్రావకములును, లవణములును, కడిగిన నీరును వ్యర్థముగా మిగులుట ఈ వృత్తికి సహజము. ఆ వ్యర్థము ఇసకవాగులోనికి, అటనుండి నక్కవాగులోనికి, ఆపై మంజీరలోనికి, తుదకు గోదావరిలోనికి దారి తీసినది.

రైతులు మొదట చూచినది తమ బావులలోని నీటి మార్పును, ఎండిన వరిమళ్లను, ఈనక పోవుచున్న గొడ్లను. పటాన్‌చెరులో వైద్యవృత్తి నడపిన డాక్టరు కిషన్ రావు మొదలగువారు ఊరూర తిరిగి ఆ బాధలను వ్రాసి పెట్టిరి. 1990లో వ్యాజ్యము సర్వోన్నత న్యాయస్థానమునకు చేరినది. ఆ న్యాయస్థానము ఆదేశముచే జిల్లా న్యాయమూర్తి నష్టమును విచారించుటయు, కొందరు రైతులకు పరిహారము ముట్టుటయు జరిగినవి. 2001లో వ్యాజ్యము రాష్ట్ర ఉన్నత న్యాయస్థానమునకు బదిలీ అయినది. ఒక్కొక్క ఫ్యాక్టరీ వేరువేరుగా శుద్ధిచేయుట కష్టమని, ట్యాంకరులతో వ్యర్థజలమును తెచ్చి పోయుటకు ఒక ఉమ్మడి శుద్ధికేంద్రమును ఏర్పరచిరి. ఇంతవరకు కథ దేశమునందలి పెక్కు పారిశ్రామికవాడల కథయే.

ఇట శుద్ధి యనగానేమో కొంచెము నిలిచి చూడవలెను. శుద్ధికేంద్రము సరిగా పనిచేసినదా లేదా యని తేల్చుటకు మన చట్టము ప్రధానముగా ఆధారపడునవి బి.ఓ.డి., సి.ఓ.డి. యను కొలతలు. నీటియందలి మలినమును సూక్ష్మజీవులు తినునపుడు ఎంత ప్రాణవాయువును వాడుకొనునో మొదటిది చెప్పును; మన దేశములో 27 డిగ్రీల వేడియందు మూడు దినములుంచి దీనిని కొలుచుచున్నారు. రసాయనముచే ఆ మలినమును దహించుటకు ఎంత ప్రాణవాయువు కావలెనో రెండవది చెప్పును. పట్టణపు మురుగు, చక్కెర ఫ్యాక్టరీ మడ్డి, కాగితపు మిల్లు పీచు మొదలగువానికి ఇవి చక్కని కొలతలు. కాని లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాములో వెయ్యవవంతు యాంటీబయాటిక్ ఉన్నను ఈ కొలతలకు అది అందదు. అంతేగాక, సూక్ష్మజీవులను చంపుటకే పుట్టిన మందు నీటిలో అధికముగా ఉన్నచో, ఆ జీవులు తిండి మాని ప్రాణవాయువును వాడకపోవుటచే, బి.ఓ.డి. పరీక్ష మలినమును తక్కువగా చూపుటకు గూడ అవకాశము కలదు. పరీక్షింపబడవలసిన వస్తువే పరీక్షను తప్పుదారి పట్టించునపుడు, కాగితముమీది అంకెను చూచి నీరు శుభ్రమైనదని తృప్తిపడుట ఎంతటి అనర్థమో ఊహించుకొనవచ్చును.

స్వీడన్ దేశమునందలి గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయమునకు చెందిన యోయాకిం లార్సన్, ఆయన సహచరులును ఈ శుద్ధికేంద్రమునుండి వెలికి వచ్చు నీటిని పరీక్షించి 2007లో ఫలితములను ప్రకటించిరి. అప్పటికి సుమారు 90 బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీల వ్యర్థజలము ఆ కేంద్రమునకు చేరుచుండెను. శుద్ధియైన పిమ్మట బయటికి వదలిన నీటిలో, లీటరునకు 100 మైక్రోగ్రాములను మించి పదునొకండు మందులు కనబడినవి. వానిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను యాంటీబయాటిక్ లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు ఉండెను. ఈ మందు మాత్రను మ్రింగిన రోగి రక్తములో గూడ అంతటి సాంద్రత ఏర్పడదు. దినమునకు వెలువడు నీటి పరిమాణముతో గుణించి చూడగా, ఒక్క రోజులో వాగు పాలగుచున్న సిప్రోఫ్లాక్సాసిన్ 45 కిలోలని తేలినది. అది నాటికి తొంబది లక్షల జనాభాగల స్వీడన్ దేశమంతయు అయిదు దినములలో వాడు మందుతో సమానము. ఆ అంకెలు వెలువడినప్పుడు ప్రయోగశాలలో ఏదో పొరపాటు జరిగియుండునని పలువురు సందేహించుటలో వింత లేదు; ఏలయన అంతకుముందు నదులలో మందుల జాడకై వెదకినవారికి దొరకుచుండినవి మైక్రోగ్రాములును, నానోగ్రాములును.

సిప్రోఫ్లాక్సాసిన్ అనగా ఏమో మన ఇండ్లలో తెలియనివారు అరుదు. విరేచనములు, టైఫాయిడ్ జ్వరము, మూత్రకోశపు వ్యాధి వచ్చినపుడు వైద్యుని చీటీపై ఆ పేరు మనలో పలువురు చదివినవారమే. ఆ మందు పనిచేయకపోయిన దినమున కలుగు కష్టమును ఆసుపత్రులలో రాత్రులు గడపినవారు ఎరుగుదురు.

ఇక ఆ మందు నీటిలో ఏమి చేయునో చూతము. సూక్ష్మజీవుల సమూహమునందు ప్రతి కోటిలో ఏ ఒక్కటో, ఏ రెండో, యాదృచ్ఛికమైన జన్యుభేదముచే మందును తట్టుకొనగలవిగా ఉండును. మందు లేని నీటిలో ఆ గుణమువలన వానికి లాభము లేదు, సరికదా కొంత భారము కూడ. మందు కలిసిన నీటిలో తక్కినవి నశింపగా ఇవియే పెంపు వహించును. పురుగుమందు చాలీచాలకుండ చల్లిన పత్తిచేలో మొండిపురుగు మిగిలి మరుసటి యేడు చేనంతయు ఆక్రమించు రీతిని రైతు లెరుగుదురు గదా! ఇచట మరియొక విశేషము కలదు. పురుగు తన మొండితనమును తన సంతానమునకే ఈయగలదు. సూక్ష్మజీవియో, తనకు సంతానము గాని పొరుగుజాతివానికి సైతము, చిన్న ఉంగరమువంటి జన్యుపదార్థము ద్వారా, ఆ శక్తిని దానము చేయగలదు. మట్టిలో హాయిగా బ్రదుకు ఒక నిరపాయజీవినుండి మనుష్యుని ప్రేగులలో వ్యాధి కలిగించు జీవికి ప్రతిఘటనశక్తి ఈ మార్గముననే సంక్రమించును. పెనిసిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్, చంపుటకు చాలని మోతాదులో మందును చూపినచో సూక్ష్మజీవులు దానికి లొంగనివగునని 1945లోనే తన నోబెల్ ఉపన్యాసమున హెచ్చరించెను. ఆయన మనస్సులో నుండినది అరకొరగా మందు మ్రింగు రోగి. ఒక వాగుకు వాగే రోగివలె మందు త్రాగునని ఆయన తలచియుండడు.

పటాన్‌చెరు శుద్ధికేంద్రములో ఈ దానమునకు కావలసిన సమస్తమును ఒకచోట చేరినది. ఫ్యాక్టరీల వ్యర్థమును తినగల సూక్ష్మజీవులను పెంచుటకై పట్టణపు మురుగునీటిని గూడ దానిలో కలుపుచుండిరి. మనుష్యుల మలమునందలి వ్యాధికారకజీవులును, పలువిధముల యాంటీబయాటిక్కులును, వెచ్చదనమును, సమృద్ధియైన ఆహారమును ఒక్క తొట్టెలో కూడినప్పుడు ఏమగునో చెప్పుటకు గొప్ప పాండిత్యము అక్కరలేదు. ఆ కేంద్రమునుండి వేరుచేసిన 93 రకముల సూక్ష్మజీవులపై 39 యాంటీబయాటిక్కులను ప్రయోగింపగా, వానిలో నూటికి 86 వంతులు, 20 గాని అంతకు మించి గాని మందులకు లొంగనివని 2013లో ప్రకటితమైన మరియొక పరిశోధన తెలిపినది.

ఆ నీరు కప్పలకును చేపలకును ఏమి చేయునని గూడ చూచిరి. శుద్ధికేంద్రపు నీటిని అయిదువందల రెట్లు పలుచన చేసి, అనగా 0.2 శాతము మాత్రమే కలిపి, దానిలో తోకకప్పలను పెంచగా, వాని ఎదుగుదల సుమారు 40 శాతము కుంటుపడెను. ఈ పరిశోధన 2009 నాటిది. తోకకప్ప చిన్నప్రాణియేగదా యని తేలికగా చూడరాదు. తొలకరి వానలు పడిన నాటి కుంటలలో పుట్టి, నాచు తిని, ఆ కుంట ఎండకముందే కాళ్లు మొలిపించుకొని గట్టు ఎక్కవలసిన జీవి అది. ఎదుగుదల ఆలస్యమైనచో ఎండిన బురదలోనే దాని ఆయువు తీరును. కప్పలు తగ్గినచోట కొంగకు మేత తగ్గును, పామునకు తిండి తగ్గును, చేలపై పురుగు పెచ్చుపెరుగును.

అదే సంవత్సరమున వెలువడిన వేరొక అధ్యయనములో, ఈ శుద్ధికేంద్రపు నీరు చేరని చెరువులలోను, పల్లెల బావులలోను గూడ మందులు కనబడినవి. ఒక చెరువులో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరునకు 6.5 మిల్లీగ్రాముల వరకు ఉండెను. హైదరాబాదు సమీపమున పరిశ్రమల వ్యర్థముచే కలుషితమైన ఒక చెరువులోని జన్యుపదార్థమును స్వీడన్‌లోని ఒక చెరువుతో పోల్చగా, మందులను తట్టుకొను జన్యువులు ఇక్కడ సుమారు ఏడువేల రెట్లు అధికముగా ఉన్నవని 2014లో తేలినది. ఇసకవాగు అడుగున పేరుకొన్న బురదను గూడ, శుద్ధికేంద్రమునకు ఎగువను దిగువను విడివిడిగా పరీక్షించి, దిగువను ఆ జన్యువులు దట్టముగా ఉన్నట్లు చూచిరి. ప్రతిఘటనశక్తి పెరుగకుండ ఉండవలెనన్నచో నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరునకు 0.064 మైక్రోగ్రామును మించరాదని 2016లో శాస్త్రజ్ఞులు సూచించిరి. 2007 నాటి అంకెను దానితో భాగించి చూడుడు. నాలుగు లక్షల ఎనుబది వేల రెట్లు దాటును.

ఇచట ఒక ప్రసంగాంతరమును చేయక ఉండలేకున్నాను. 1895లో భీమవరమున పుట్టి, దారిద్ర్యముతో పోరాడి అమెరికా చేరి, అచట లెడర్లే పరిశోధనాలయమునకు అధిపతియైన యల్లాప్రగడ సుబ్బారావుగారి నేతృత్వముననే, టెట్రాసైక్లిన్ కుటుంబమునకు మూలపురుషుని వంటి ఆరియోమైసిన్ వెలువడినది. అది లోకమునకు తెలిసిన 1948వ సంవత్సరముననే ఆయన అస్తమించెను. ఒక తెలుగువాని మేధ లోకమునకు ప్రసాదించిన ఔషధజాతి తెలుగువారి వాగులోనే నిష్ఫలమగుట నాకు మాత్రము కడుపుకోతగా తోచుచున్నది. 2019లో మందులకు లొంగని సూక్ష్మజీవుల కారణముననే ప్రపంచమున సుమారు పన్నెండు లక్షల డెబ్బదివేలమంది మరణించిరని లాన్సెట్ అను వైద్యపత్రికలో వెలువడిన అధ్యయనము అంచనా వేసినది. ఆ మరణములన్నియు ఫ్యాక్టరీల నీటివలననే కలిగినవని ఎవ్వరును అనరు. వైద్యులు విచ్చలవిడిగా మందు వ్రాయుటయు, దుకాణములలో చీటీ లేకయే అమ్ముటయు, కోళ్లకును రొయ్యలకును మేతలో కలుపుటయు దానికి ముఖ్యకారణములే. ఐనను, కోట్లాదిమంది అలవాట్లను మార్చుట తరములు పట్టు పని. కొన్నివందల ఫ్యాక్టరీల గొట్టముల చివర ఒక కొలత పెట్టుట ఒక ప్రభుత్వోత్తరువు చేయగల పని.

ఆ ఉత్తరువు దాదాపు చేతికందివచ్చి జారిపోయినది. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ, బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీల వ్యర్థజలములో 121 యాంటీబయాటిక్కులకు వేరువేరుగా గరిష్ఠపరిమితులను నిర్ణయించుచు ఒక ముసాయిదాను ప్రకటించినది. అట్టి పరిమితులను చట్టములో చేర్ప తలపెట్టిన దేశములు నాటికి అరుదు గనుక, భారతదేశము మార్గము చూపుచున్నదని విదేశీయశాస్త్రజ్ఞులు గూడ సంతోషించిరి. 2021 ఆగస్టులో తుది నిబంధనలు వెలువడినవి, వానిలో బి.ఓ.డి.యు, సి.ఓ.డి.యు, లవణములును ఉన్నవి గాని, యాంటీబయాటిక్కుల పరిమితులు మాత్రము లేవు. 121 పేర్లుగల పట్టిక సమూలముగా తొలగింపబడినది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2024 సెప్టెంబరులో యాంటీబయాటిక్ తయారీ వ్యర్థములపై మార్గదర్శకములను ప్రకటించిన పిమ్మటనైనను ఆ పట్టిక తిరిగి చట్టములోనికి రావలెను.

పరిశ్రమల పక్షమున చెప్పు మాటలలో న్యాయమైనవి లేకపోలేదు. మన దేశపు మందులు చవుకగా దొరకుటచేతనే ఆఫ్రికాఖండమున ఎయిడ్సు రోగులును, మన పల్లెలలో క్షయరోగులును బ్రదుకుచున్నారు. పటాన్‌చెరు ప్రాంతమున వేలకొలది కుటుంబములకు ఆ ఫ్యాక్టరీలే అన్నము పెట్టుచున్నవి. గడచిన సంవత్సరములలో పెక్కు కంపెనీలు వ్యర్థజలమును బయటికి వదలక ఆవిరిచేసి తిరిగి వాడుకొను యంత్రములను నెలకొల్పిన మాటయు నిజము. 2007 నాటి అంకెను నేటిదిగా చెప్పుట అన్యాయము. కాని అన్నిచోట్ల అట్లే జరుగుచున్నదని నమ్ముటకు ఆధారము, పేరుపేరున మందును కొలిచి చూపిన లెక్క తప్ప వేరొకటి ఉండజాలదు. బాగుగా పనిచేయు ఫ్యాక్టరీ యజమానికి ఆ కొలత శత్రువు కాదు. దొంగచాటుగా వానరాత్రి ట్యాంకరును వాగులో విప్పు పొరుగువానితో ధరలో పోటీపడలేక నష్టపోవుచున్నది అతడే. నార్వే ప్రభుత్వాసుపత్రులు యాంటీబయాటిక్కులను కొనునపుడు ధరతోపాటు తయారీస్థలమునందలి పర్యావరణరక్షణను గూడ లెక్కలోనికి తీసికొనుచున్నవి. మన రాష్ట్రప్రభుత్వముల ఆసుపత్రులకు మందులు కొను సంస్థలును అట్టి షరతు పెట్టినచో, ఆ యజమానికి తగిన ప్రతిఫలము దక్కును.

పటాన్‌చెరు కేంద్రమున శుద్ధియైన నీటిని వాగులో వదలుట మాని, 18 కిలోమీటర్ల పైపులైను ద్వారా నగరపు మురుగుకాలువలో చేర్చి, అంబర్‌పేట శుద్ధికేంద్రమునకు పంపు ఏర్పాటు 2009లో జరిగినది. దీనివలన ఇసకవాగునకు కొంత ఊరట కలిగినమాట వాస్తవము. కాని భూగోళమును ఒక్కసారి స్మరింపుడు: పటాన్‌చెరు సహజముగా గోదావరీ పరీవాహమునకు చెందిన నేల, అంబర్‌పేట నీరు మూసీలో కలిసి, వాడపల్లికడ కృష్ణను చేరును. ఒక నదికి పోవలసిన వ్యర్థమును మరియొక నదికి మరలించితిమి. అందులోను కోటిమంది నగరవాసుల మురుగుతో, ఆసుపత్రుల మురుగుతో కలిపి మరలించితిమి. మూసీ నీటితో నల్లగొండ వైపున పండు వరియు, గడ్డియు, ఆకుకూరయు తిరిగి ఆ నగరమునకే చేరుచున్నవి. ఆ మార్గమంతట ఏ మందు ఎక్కడ ఎంత ఉన్నదో ఏటేట కొలిచి జనులకు తెలిపెడి శాశ్వతమైన ఏర్పాటు ఉండవలెను. ఇంతటి శాస్త్రవిద్యాసంస్థలు గల హైదరాబాదునకు తన పెరటివాగు సంగతిని అంత దూరమునుండి స్వీడన్‌వారు వచ్చి చెప్పవలసివచ్చుట మనకు గర్వకారణము కాదు. వారు రెండు దినములు నమూనాలు తీసి చాటినదానిని మనవారు ఇరువది సంవత్సరములు తీసి చాటగలరు. కావలసినది ఫ్యాక్టరీ ద్వారము దాటి లోనికి పోవుటకు అధికారమును, ఫలితమును దాచక ప్రకటించుటకు స్వేచ్ఛయు, మంత్రులు మారినను ఆగని ధనసహాయమును.

ఇదంతయు గతమును తవ్విపోయుటకు వ్రాయుచున్నది కాదు. అనకాపల్లి జిల్లా నక్కపల్లికడ, సముద్రతీరమున, కేంద్రప్రభుత్వ సహాయముతో బల్క్ డ్రగ్ పార్కు ఏర్పడుచున్నది. 2025 జనవరిలో ప్రధానమంత్రి దానికి శంకుస్థాపన చేసిరి. మూలద్రవ్యములకు చైనాపై ఆధారపడుటను తగ్గింపవలెనను ఆశయము మంచిదే. అచటి నీటికి వాగులు కాక సముద్రమే గమ్యమైనచో, ఉప్పునీటిలో కలిసినది మాయమైనదని తలచుట మరింత సులభము. కాని వల వేయువాడు ఆ నీటిలోనే వల వేయుచున్నాడు. ఇసకవాగులోని సూక్ష్మజీవులు ఫ్యాక్టరీలు రాకముందు ఎట్లుండెనో మనకు ఏనాటికిని తెలియదు. జన్యుపదార్థమును అంత వివరముగా చదువు విద్య ఆనాటికి పుట్టలేదు. నేడు ఆ విద్య ఉన్నది. నక్కపల్లిలో తొలి ఫ్యాక్టరీ తొలి బ్యాచిని తీయకముందే, ఆ తీరమునందలి నీటిని, అడుగుమట్టిని, బావులను, చేపలను ఋతువు ఋతువునకు పరీక్షించి, ఆ ఫలితములను మత్స్యకార గ్రామములలో తెలుగున చదివి వినిపింపవలెను. ఏ యాంటీబయాటిక్ ఎంతకు మించరాదో అనుమతిపత్రములోనే పేరుపేరున వ్రాయవలెను. అనుమతిపత్రములపై సంతకములు పెట్టు అధికారి ఈ పని నేడు చేయింపగలడు. ఉత్పత్తి ఆరంభమైన మరునాడు చేయింపబూనినచో పోల్చిచూచుటకు తొలినాటి నీరు దొరకదు.